ముందు గది కొలత

తొమ్మిదిన్నరకి వేయాల్సిన మాత్ర పదకొండూ నలభైకి వచ్చింది. అదీ తిన్నగా రాలేదు. బీపీ మాత్రతో కలిసి చిన్న ప్లాస్టిక్ కప్పులో కూర్చుని, తోపుడు బండి మీద వార్డులో ఉన్న ఆరు మంచాలూ పలకరించుకుంటూ వచ్చింది. అప్పటికి ఆరో మంచం మీద మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే బిగుసుకుపోయాడు. మొహంలో ఏ కదలికా లేదు. పెదవి చివర తడి. కుడి చెయ్యి మాత్రం తొడ మీద తన పని తాను చేసుకుపోతోంది, కాగితాల దొంతర అంచులు సరిచేస్తున్నట్టు.

"మింగమనండి," అంది బండి తోసుకొచ్చిన నర్సు.

"ఎలా మింగుతారమ్మా? మింగడానికి కావాల్సిన మందే అది. రెండు గంటలు ఆలస్యంగా తెచ్చి ఇప్పుడు మింగమంటే గొంతు ఊరుకుంటుందా?" అంది పక్కన స్టూలు మీంచి లేచిన ఆయన భార్య చార్టమ్మ.

నర్సు కప్పు టేబుల్ మీద పెట్టి, "మెల్లిగా వేయండి మరి," అని వెళ్ళిపోయింది. మెల్లిగా అంటే ఎంత మెల్లిగానో ఆ పిల్లకి తెలియదు. చార్టమ్మకి తెలుసు. చెంచాడు నీళ్ళు, గడ్డం కిందికి వంచడం, గొంతు మీద రెండు వేళ్ళతో నిమరడం, ఆగడం, మళ్ళీ చెంచాడు. ఒక్క మాత్రకి పద్దెనిమిది నిమిషాలు పట్టింది.

చార్టమ్మ అనేది ఇంట్లో పెట్టిన పేరు కాదు. బస్సు డిపోలో ఇరవై ఆరేళ్ళు ఆమె డ్యూటీ చార్టులు వేసింది. ఏ డ్రైవరు ఏ బండి ఎన్నింటికి ఎక్కాలి, ఎక్కడ దిగాలి, దిగినచోట బదులు ఎవరు ఎక్కాలి, అన్నీ ఆమె స్కేలు పెట్టి గీసిన గళ్ళలో ఉండేవి. డ్రైవర్లు వెనకాల పిలుచుకున్న పేరు మెల్లిగా ఎదురుగా పిలిచే పేరైంది. ఆఖరికి మొగుడు కూడా అలాగే పిలవసాగాడు. మొగుడు పుస్తకాల బైండరు. ఇంటి ముందు గదిలోనే పుస్తకాలు అదిమే ఇనుప ప్రెస్సు, జిగురు గిన్నె, అట్టలు, దారపు ఉండలు. పార్కిన్సన్స్ వచ్చాక స్కూళ్ళవాళ్ళ డిక్షనరీలు రావడం తగ్గింది కానీ, మందు పనిచేసే గంటల్లో ఆయన ఇప్పటికీ రోజుకో పుస్తకం కుడతాడు.

ఆ మంగళవారం పొద్దున్నే హెర్నియా ఆపరేషన్‌కి చేర్చడానికి వచ్చేటప్పుడు ఆమె వారం మొత్తానికీ చార్టు వేసుకుని వచ్చింది. పైసగంలో మాత్రలు: ఆరు, తొమ్మిదిన్నర, ఒంటిగంట, నాలుగున్నర, ఎనిమిది. కింద సగంలో ఇంటివాళ్ళ డ్యూటీలు: ఏ పూట కూతురు, ఏ పూట అల్లుడు, ఏ పూట తను. తన పేరే ఎక్కువ గళ్ళలో ఉంది. నాలుగు జిరాక్సులు తీయించింది. నాలుగింటి మీదా అట్టడుగున ఒక సన్నటి బూడిదరంగు గీత పడితే షాపతన్ని నిలబెట్టి దులిపేసింది. "గాజు తుడుచుకోవడం కూడా చేతకాదా నీకు?" అంది. అతను రెండుసార్లు తుడిచి తీసినా గీత పోలేదు. విసుక్కుంటూనే తీసుకుని వచ్చింది.

ఆ నాలుగు కాపీల్లో ఒకటి వార్డు సిస్టరుకి ఇచ్చింది. సిస్టరు యాభై దాటిన మనిషి. కళ్ళజోడు గొలుసుకి వేలాడుతుంటుంది, నడుముకి తాళాల గుత్తి. చార్టు పైన ఒక చూపు, కింద ఒక చూపు చూసి ఫైలు అడుగున దోపింది. తెచ్చిన మాత్రల డబ్బాలన్నీ తీసుకుని గోడ బీరువాలో పెట్టి తాళం వేసింది.

"ఇంటి మందులు మంచం దగ్గర ఉండకూడదమ్మా. మేమే ఇస్తాం, రౌండు టైముకి."

"మీ రౌండు టైముకి ఈయన జబ్బు ఆగదు, సిస్టర్."

"ఈ అంతస్తు మొత్తం మీద నలభై మంది ఉన్నారు. ఒక్కొక్కరికీ ఒక్కో గడియారం పెట్టలేం కదా."

చార్టమ్మకి ఒళ్ళు మండిపోయింది. నూట పది బస్సులకి నూట పది గడియారాలు పెట్టి నడిపిన మనిషి ఆమె. ఆ మాట అనబోయి, ఆపరేషన్ అయ్యేదాకా వీళ్ళతోనే పని అని గుర్తొచ్చి మింగేసింది.

మాత్ర వేసిన కాసేపటికి పేషెంట్లని నడిపించే ఫిజియోథెరపీ ఆయన వచ్చాడు. మంచం దిగమన్నాడు. బైండరు పాదాలు నేలకి అతుక్కున్నట్టు ఉండిపోయాయి. నడిపించే ఆయన చంకలో చెయ్యి వేసి లాగి, లాగి, "పెద్దాయన మొండికేశాడు," అని ఫైల్లో రాసుకుని పోయాడు. ఆయన వెనకే కుర్ర డాక్టరు వచ్చాడు. మంచం పక్కకి కాదు, చార్టమ్మ పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"నొప్పి ఎంతుంది ఆయనకి? పదికి?"

"ఆరు," అంది చార్టమ్మ.

"మతిమరుపు ఉందా?"

"లేదు. ఈయనకి శరీరం ఆలస్యం, బుర్ర కాదు."

డాక్టరు తలూపి రాసుకున్నాడు. జవాబు బాగా చెప్పానని చార్టమ్మకీ అనిపించింది. బైండరు పెదాలు కదిలాయి. ఆయన మాట నోటి దాకా వచ్చేలోగా డాక్టరు ఐదో మంచం దగ్గర ఉన్నాడు, చార్టమ్మ నీళ్ళ సీసా మూత బిగిస్తోంది.

మధ్యాహ్నం రెండింటికి మందు ఒంట్లోకి ఎక్కింది. మెడ సడలింది, కళ్ళార్పడం మొదలైంది. ఆయన మెల్లిగా ఆమె వైపు తిరిగాడు.

"చార్టు... గురువారం..."

"గురువారం ఇక్కడే. శుక్రవారం ఇంటికి. అన్నీ రాశాను, మీరేం కంగారు పడకండి."

"చార్టు చూడు."

"చూసేదేముంది? వేసిందే నేను," అంది ఆమె, దుప్పటి సరిచేస్తూ. ఆయన ఇంకేదో అనబోయాడు. అంతలో ఆమె ఫోను మోగింది. కూతురు.

వరండాలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి మాట్లాడింది. చార్టులో గురువారం గడిలో 'ము.గ. ఖాళీ - 10.00 - అల్లుడు' అని ఉంది. ముందు గది ఖాళీ. పడకగది మేడ మీద ఉంది, మెట్లు పద్నాలుగు. పోయిన నెల నాలుగో మెట్టు మీద ఆయన కాళ్ళు ఆగిపోయి వెనక్కి ఒరిగితే రెయిలింగు కాపాడింది. 'అవసరం వచ్చాక వెతుక్కోవద్దు, రాకముందే ఏర్పాట్లు చేసుకోండి' అని పార్కిన్సన్స్ డాక్టరు చెప్పాడు. ఆమెకి ఇన్నేళ్ళలో మరే డాక్టరు చెప్పిన మాటా ఇంతగా నచ్చలేదు. కింద ముందు గదిలో మంచం, గోడకి పట్టుకునే రాడ్లు, పక్కనే బాత్రూము. అంతా గళ్ళలో ఇమిడిపోయింది. ఇమడనిది ఒక్క ప్రెస్సే.

"పదింటికి బండి వస్తుంది. మార్కెట్ వెనక బైండింగు షాపతను తీసుకెళ్తాడు. మీ ఆయన్ని ముందు ప్రెస్సు పట్టించమను, తర్వాత బల్ల, కోత మెషీను. మీ నాన్న వచ్చేసరికి మంచం వేసేసి ఉండాలి."

"నాన్నకి చెప్పావా అమ్మా?"

"చెప్పి ఏం చెయ్యను? కళ్ళెదుట తీస్తే తట్టుకోగలరా? ఇప్పుడైతే చూడరు. ఒకసారి బాధపడి ఊరుకుంటారు."

"అయినా ఒక మాట..."

"నా బాధ నీకేం తెలుసు? ఆయన మంచికేగా ఇదంతా," అని ఫోను పెట్టేసింది. పెట్టేశాక ఎందుకో కాసేపు తలుపు తీయలేదు.

బుధవారం పొద్దున్న ఆరింటికి మాత్ర ఇవ్వలేదు. ఆపరేషన్‌కి ఖాళీ కడుపు ఉండాలట.

"మత్తు డాక్టరు రాసిచ్చారు, రెండు గుక్కల నీళ్ళతో వేయొచ్చని. ఇదిగో చీటీ," అంది చార్టమ్మ.

డ్యూటీ నర్సు చీటీ చూసి, "సిస్టరు వచ్చాక చూస్తాం," అంది. సిస్టరు ఎనిమిదింటికి వచ్చి, "మత్తు డాక్టరు వచ్చాక కనుక్కుంటాం," అంది. మత్తు డాక్టరు ఆపరేషన్ గదిలోంచి బయటికి రాలేదు. పదింటి ఆపరేషన్ ఒంటిగంటకి జరిగింది. చార్టమ్మ చీటీ పట్టుకుని వార్డుకీ లిఫ్టుకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఎవరిని అడిగినా ఇంకొకరిని అడగమనేవారు. డిపోలో ఇలాంటి సమాధానం ఆమె ఎవరినీ రెండోసారి చెప్పనిచ్చేది కాదు. ఇక్కడ ఆమె ఎవరూ కాదు, ఆరో మంచం తాలూకు మనిషి. ఆ సంగతి ప్రతి తలుపు దగ్గరా ఎవరో ఒకరు ఆమెకి గుర్తుచేస్తూనే ఉన్నారు.

మూడున్నరకి ఆయన్ని తీసుకొచ్చి మంచం మీదికి మార్చారు. చెక్కలా ఉన్నాడు. మోచేతులు వంగిన చోట వంగినట్టే ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు తెలివిగానే ఉంది. ఆ తెలివైన చూపు ఆ కదలని మొహంలోంచి తననే చూస్తుంటే చార్టమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. కళ్ళజోడు పెట్టెలో అడుగున దాచుకున్న రెండు మాత్రలు గుర్తొచ్చాయి. నాలుగున్నర అయింది. అటూ ఇటూ చూసి, మాత్ర చెంచాలో నలిపి, నీళ్ళు పోసింది.

"ఏంటమ్మా అది?" వెనక నర్సు గొంతు.

"నాలుగున్నర మాత్ర."

"ఎవరు ఇవ్వమన్నారు? మీరు డాక్టరా?"

"కాదు. డాక్టరు రాసిన టైము చదవడం వచ్చినదాన్ని."

పక్క మంచాలవాళ్ళు తలలు తిప్పారు. నర్సు చెంచా లాక్కుంది. కళ్ళజోడు పెట్టె తెరిపించి రెండో మాత్ర కూడా పట్టుకుపోయింది. చదువుకునే రోజుల్లో కూడా చార్టమ్మ జేబులు ఎవరూ తడమలేదు. అరవై రెండేళ్ళ వయసులో కళ్ళజోడు పెట్టె తడిమించుకుంది. స్టూలు మీద కూర్చుంది. ఏడవలేదు. సంచీలోంచి తెల్లకాగితాలు తీసి ఫిర్యాదు రాయడం మొదలుపెట్టింది.

మూడు పేజీలు వచ్చింది. మంగళవారం తొమ్మిదిన్నర నుంచి నిమిషాలతో సహా రాసింది. రాసింది ఆయనకి గొంతు తగ్గించి చదివి వినిపించింది. మూడో పేజీలో ఒక వాక్యం ఆమెకే బాగా నచ్చి, కింద రెండు గీతలు గీసింది.

"'ఒక మనిషి ఒంటి గురించి, ఆ మనిషిని ఒక్క మాట కూడా అడగకుండా నిర్ణయించే హక్కు మీకెవరిచ్చారు?' ఎలా ఉంది?"

ఆయన కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. గొంతులో ఏదో కదిలింది. "అ... అడ..."

"అవును, అడగలేదు. అదే రాశాను," అంది చార్టమ్మ, కాగితాలు మడిచి సంచీలో పెట్టుకుంటూ.

గురువారం పొద్దున్న ఎనిమిదింటికి సిస్టరు డ్యూటీకి రాగానే ఆమె చేతిలో మూడు పేజీలూ పెట్టింది. సిస్టరు కళ్ళజోడు పెట్టుకుని నిలబడే చదివింది. ఒక్కో పేజీ తిప్పేముందు ఆరో మంచం వైపు చూసింది. చార్టమ్మ యుద్ధానికి సిద్ధపడి, చీర చెంగు నడుముకి దోపుకుని నిలబడి ఉంది.

"తప్పు మాదే," అంది సిస్టరు.

అంత తేలిగ్గా ఒప్పుకుంటారని చార్టమ్మ అనుకోలేదు. నడుముకి దోపుకున్న చెంగు మెల్లిగా లాగేసింది.

"మందు లేటైతే కాస్త వణుకు ఎక్కువవుతుంది అనుకున్నాను. ఇలా అవుతుందనుకోలేదు. నిన్న సాయంత్రం డ్యూటీ దిగేటప్పుడు చూశాను ఆయన్ని." సిస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇది పైకి పంపమంటారా?"

"పంపండి. ఒక్క మాట కూడా తీసెయ్యకుండా పంపండి."

"పంపుతాను. దానికంటే ముందు ఇంకోటుంది."

తొమ్మిదిన్నరకి సిస్టరు స్వయంగా మాత్ర తెచ్చి వేసింది. నిమిషం అటూ ఇటూ కాలేదు. పది దాటాక మళ్ళీ వచ్చింది, చేతిలో ఒక ఫారం, నడుముకి ఉన్న గుత్తిలోంచి విడదీసిన చిన్న తాళంచెవి. బైండరు దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. మెడ సడలింది. మొహంలో మనిషి కనిపిస్తున్నాడు.

"పేషెంటు తన మందులు తనే వేసుకుంటానంటే ఈ ఫారం. మంచం పక్క డ్రాయరు తాళం ఆయనకే ఇచ్చేస్తాం."

చార్టమ్మకి మళ్ళీ మండింది. "ఇలాంటిది ఒకటి ఉండగా రెండు రోజులు మమ్మల్ని ఎందుకు చంపారు సిస్టర్? మొన్నే ఇవ్వొచ్చుగా?"

"మొన్నే ఇవ్వాల్సింది. ఇది పేషెంటు అడగాలి, మేం పేషెంటుని అడగాలి. ఎవరమూ ఆయనతో మాట్లాడలేదు."

"సరే, ఇలా ఇవ్వండి, సంతకం పెడతాను."

"మీరు కాదమ్మా. ఆయన."

"చెయ్యి వణుకుతుంది. నేను పెడితే..."

"వణికితే వణకనివ్వండి. సంతకం సంతకమే." సిస్టరు మంచం అంచున కూర్చుని, ఆయన మొహానికి మొహం ఎదురుగా పెట్టి అడిగింది. "మీ మందులు మీరే వేసుకుంటారా? లేకపోతే మమ్మల్ని ఇవ్వమంటారా?"

వార్డులో నిశ్శబ్దమేం లేదు. బండి చక్రాలు కిర్రుమంటున్నాయి, ఎవరో దగ్గుతున్నారు. చార్టమ్మకి మాత్రం చెవులు మూసుకుపోయినట్టయింది. జవాబు ఆమె నాలుక చివరే ఉంది. నోరు తెరవబోతే సిస్టరు వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి ఆపింది. గోడ గడియారంలో ముల్లు చాలాసేపు నడిచింది.

"నేనే... వేసుకుంటాను," అన్నాడు బైండరు. మళ్ళీ కాసేపాగి, "టైము చూడ్డానికి... ఈవిడ ఉంది."

సిస్టరు నవ్వేసింది. ఐదో మంచం ఆయన కూడా నవ్వాడు. బైండరు పెన్ను పట్టుకున్నాడు. సంతకం మొదటి అక్షరం బియ్యపు గింజంత, చివరి అక్షరం ఆవగింజంత వచ్చింది. ఏడాదిగా ఆయన రాత అలాగే కుంచించుకుపోతోంది.

సిస్టరు ఫైలు అడుగునుంచి చార్టు తీసి ఫారానికి జతపరచబోయి ఆగింది. ఈసారి పైనుంచి కిందిదాకా వేలు పెట్టి ఒక్కో గడీ చదువుకుంటూ వచ్చింది.

"ఈ కింద ఏంటమ్మా?"

"జిరాక్సు మరక. ఆ షాపువాడి గాజు అంతే, తుడవడు."

"నేను సంతకం చేసే కాగితంలో చదవని లైను ఉండకూడదు. ఇంకో కాపీ ఉందా?"

ఉన్న మూడూ ఇచ్చింది. మూడింటిలోనూ మరక అదే చోట ఉంది. సిస్టరు అసలు కాగితం అడిగింది. చార్టమ్మ సంచీలోంచి తీసిచ్చింది. సిస్టరు దాన్ని కిటికీ వెలుగులోకి తిప్పింది.

"మరక కాదిది. పెన్సిలు రాత." ఫోను తీసి ఫోటో కొట్టి, రెండు వేళ్ళతో పెద్దది చేసింది. అదీ చాలక మళ్ళీ పెద్దది చేసింది. మందుల పేరేమో అనుకుని వార్డు చార్టు చదివినట్టు పైకే చదివింది.

"'ప్రెస్సు కిటికీ వైపు. మంచం తలుపు వైపు. మధ్యలో రెండున్నర అడుగులు దారి. రెండూ పడతాయి. కొలిచాను. ప్రెస్సు తీయించకు.'"

చదివి తలెత్తి ఇద్దరినీ చూసింది. తను చదివింది మందుల సంగతి కాదని అర్థమై, ఫోను చార్టమ్మ చేతిలో పెట్టి, డ్రాయరు దగ్గర పనున్నట్టు అటు తిరిగింది.

చార్టమ్మ ఆ అక్షరాలు చూసింది. చీమల బారులా, ఒక్కో మాటా ముందుదానికంటే చిన్నగా, చివరి రెండు మాటలూ పెన్సిలు మొన నొక్కి రాసినట్టు కాస్త ముదురుగా ఉన్నాయి.

"ఎప్పుడు రాశారు?"

"ఆదివారం. నువ్వు... స్నానానికి వెళ్ళినప్పుడు. మొదలుపెట్టాను. సోమవారం... అయింది."

"దేంతో కొలిచారు?"

ఆయన చెయ్యి చొక్కా జేబు వైపు బయల్దేరింది. చేరడానికి టైము పట్టింది. జేబులోంచి కుట్టుదారం తీశాడు. దారం మీద అక్కడక్కడా ముళ్ళు వేసి ఉన్నాయి. మంచానికి ఒకటి, ప్రెస్సుకి ఒకటి, దారికి ఒకటి. ఆ చేతులతో ఒక్కో ముడికీ ఎంతసేపు పట్టి ఉంటుందో ఆమె లెక్క వేయబోయి మానేసింది.

"నోటితో చెప్పొచ్చుగా?" అంది. అనగానే ఆ మాట ఎంత అన్యాయమో ఆమెకే తెలిసింది.

"చెప్పాను. మూడుసార్లు. నువ్వే... నా జవాబు కూడా... చెప్పేస్తావు." ఆయన ఆగి ఊపిరి తీసుకున్నాడు. గొంతు పెరగలేదు, ఆ జబ్బులో గొంతు పెరగదు. కళ్ళు మాత్రం ఎర్రబడ్డాయి. "రెండు రోజుల్నించి... నన్ను అడగలేదని వీళ్ళని... తిడుతున్నావు. నువ్వు అడిగావా?"

సిస్టరు టేబుల్ మీద వదిలిన మూడు పేజీల్లో మూడోది పైన ఉంది. రెండు గీతలు గీసిన వాక్యం ఇంత దూరానికి కూడా కనిపిస్తోంది. ఆమెకి తన మీద తనకే పట్టరాని కోపం వచ్చింది. అది నర్సు మీద వచ్చినదానికంటే వేడిగా ఉంది, ఎవరి మీద చూపించాలో తెలియనిదిగా ఉంది. గడియారం చూసింది. పదీ నలభై.

సిస్టరు ఫోను టేబుల్ మీద పెట్టి, తన ఫోను తీసి కూతురికి చేసింది. అటు వెనక మగగొంతులు వినిపిస్తున్నాయి, ఇనుము నేల మీద రాసుకున్న చప్పుడు.

"ఆపమను," అంది చార్టమ్మ.

"ఏమైందమ్మా? ఆపడమేంటి? గుమ్మం దాటించేశారు. ముగ్గురూ చేతుల మీద పట్టుకుని నిలబడ్డారు, బండి వెనక తలుపు తీస్తున్నారు. ఎటు తిప్పమంటావు? లోపలికి తెస్తే మంచం ఎక్కడ వేస్తాం? ఎక్కడ పెట్టించను?"

కిటికీ వైపు అని చార్టమ్మకి తెలుసు. ఇప్పుడే చదివింది. మాట నాలుక మీదికి వచ్చేసింది కూడా. దాన్ని వెనక్కి తోసుకోవడానికి పళ్ళు బిగించాల్సి వచ్చింది.

"మీ నాన్నని అడుగు," అని, ఫోను తీసుకెళ్ళి ఆయన చెవికి ఆనించి పట్టుకుంది.

"నాన్నా? హలో? నాన్నా, వినిపిస్తోందా? వీళ్ళు బరువు మోస్తున్నారు నాన్నా. అమ్మా, లైన్లో ఉన్నావా? నువ్వే చెప్పవే, తొందరగా."

ఆయన పెదాలు కదిలి ఆగాయి, మళ్ళీ కదిలాయి. అటు ఎవరో బరువుకి మూలిగారు. కూతురు మళ్ళీ హలో అంది. చార్టమ్మ నోరు గట్టిగా మూసుకుని ఆయన గొంతు వైపే చూస్తూ నిలబడింది.

"ముందు," అన్నాడు బైండరు, "దించమను."